ఓబర్లిన్‌లో నడక ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: అమెరికాలోని ఒహాయోలో చదువుతున్న మా అమ్మాయి, తోటి విద్యార్థులతో కలిసి ఓబర్లిన్ అనే చిన్న పట్టణంలో నల్లజాతీయుల చరిత్రను చూపే నడకను రూపొందిస్తోంది. అందులో ఏ సంఘటనకు ప్రాధాన్యమివ్వాలి? – ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: నిస్సందేహంగా 1858 సెప్టెంబరు 13 నాటి ఘటనకేనండీ. బానిసత్వం నుంచి తప్పించుకుని ఓబర్లిన్‌లో ఉంటున్న జాన్ ప్రైస్‌ను, పారిపోయిన బానిసలను పట్టుకునేందుకు వచ్చినవారు పట్టుకుని, రైలెక్కించడానికి పొరుగున ఉన్న వెల్లింగ్టన్‌కు తీసుకుపోగా, నల్లవారూ తెల్లవారూ కలిసి అక్కడి హోటలును చుట్టుముట్టి అతణ్ణి విడిపించారు. కొన్నాళ్లు దాచి కెనడాకు పంపారు. పారిపోయిన బానిసలకు సాయపడటాన్ని నేరంగా చూసే చట్టం కింద 37 మందిపై అభియోగాలు మోపినా, విచారణ జరిగి దోషులుగా తేలింది సిమియన్ బుష్నెల్, చార్లెస్ లాంగ్‌స్టన్‌లే. శిక్షకు ముందు లాంగ్‌స్టన్ కోర్టులో చేసిన ప్రసంగాన్ని నడకలో చదివి వినిపించడం, నా దృష్టిలో, ఏ ఫలకం కన్నా విలువైనది.

అభియోగం ఎదుర్కొన్నవారిలో ఒకరైన విల్సన్ బ్రూస్ ఎవాన్స్ ఇల్లు నేటికీ నిలిచి ఉంది. బానిసత్వాన్ని అంతం చేయాలని జాన్ బ్రౌన్ నాయకత్వంలో జరిగిన హార్పర్స్ ఫెర్రీ దాడిలో పాల్గొని 1859లో ప్రాణాలు కోల్పోయిన లూయిస్ షెరిడన్ లియరీ, జాన్ కోప్లండ్‌ల స్మారకం వైన్ వీధి పార్కులో ఉంది. ఓబర్లిన్ కళాశాల ఆవరణలో, బానిసలు తప్పించుకోవడానికి తోడ్పడిన రహస్య మార్గాలకు (‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’) గుర్తుగా నేలలోంచి ఆకాశంవైపు లేచే రైలుపట్టాల శిల్పాన్ని 1977లో ఒక విద్యార్థే రూపొందించాడని తెలిస్తే మీ అమ్మాయి బృందం తప్పక సంతోషిస్తుంది. 1835 నుంచే నల్లజాతి విద్యార్థులను చేర్చుకున్న కళాశాల గురించి క్లుప్తంగా చెబితే చాలు. జనాభా లెక్కల పత్రాలు, ఆస్తి దస్తావేజులు వెతికి, వడ్రంగులుగా, జీను పనివారుగా ఇక్కడ బతికిన సామాన్యుల చిరునామాలను కూడా నడకలో చేర్చమనండి.