ఎనిమిదేళ్ళ పాపకి ఏ కవిత్వ సంకలనం కొనాలి, ఎలా చదివించాలి?

పాపకి ఎనిమిదేళ్ళు, ఇంగ్లీషు మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, మంచి పద్యాల సంకలనం ఏదైనా చెప్పండి అని అడిగారు కదా. కొనండి, కానీ పాప కోసం కాదు, మీ కోసం కొనుక్కోండి. చదవాల్సింది మీరు, వినాల్సింది తను. ఒత్తుల దగ్గర ఆగిపోయే పిల్ల చేతికి పద్యాల పుస్తకం ఇస్తే అది ఇంకో హోంవర్కు అవుతుంది. అదే పద్యం చెవిన పడితే ఒత్తులతో పనేముంది?

షాపుల్లో రంగురంగుల బొమ్మలతో పిల్లల గేయాలని దొరుకుతాయి, చాలావరకు పళ్ళు తోముకో, పెద్దల మాట విను తరహావే. చెడ్డవని అనను గానీ, పిల్లలు నీతిని ఆమడ దూరం నుంచే పసిగట్టేస్తారు. నేనైతే పెద్దవాళ్ళ సంకలనమే తెచ్చుకుని అందులోంచి ఏరుకోమంటాను. మా ఇంట్లో (విశాఖ పెదవాల్తేరులో ఉంటాం, ఇద్దరు పిల్లలు) అన్నిటికంటే బాగా నడిచింది వేటూరి ప్రభాకరశాస్త్రి గారు సేకరించిన చాటుపద్య మణిమంజరి. చాటువులంటే ఏదో ఒక సందర్భంలో అప్పటికప్పుడు చెప్పినవి, జనం నోళ్ళలో నానుతూ వచ్చినవి, అందుకని చాలా పద్యాల వెనక ఓ చిన్న కథ ఉంటుంది. పిల్లలు ముందు దానికే పడిపోతారు.

ఉదాహరణకి శ్రీనాథుడి పేరు మీద ఉన్న ఈ పద్యం. పల్నాడులో దాహానికి నీళ్ళు దొరక్క ఏకంగా శివుడి మీదే విసుక్కుంటాడు:

సిరిగలవానికి జెల్లును
తరుణుల పదియాఱువేల దగ బెండ్లాడన్
తిరిపెమున కిద్దఱాండ్రా
పరమేశా గంగ విడుము పార్వతి చాలున్

కృష్ణుడంటే ఉన్నవాడు, పదహారువేల మందిని చేసుకున్నా చెల్లుతుంది, అడుక్కుతినే నీకు ఇద్దరెందుకయ్యా, పార్వతి చాల్లే, గంగని ఇటు వదులు అని. మే నెలలో కుళాయి రాక, అపార్టుమెంటు కింద బిందెలు వరసగా పెట్టుకుని ట్యాంకరు కోసం నిలబడ్డప్పుడు చెప్పానిది. మా చిన్నోడు పడీపడీ నవ్వాడు. కాసేపటికి ట్యాంకరు వచ్చింది, డ్రైవరేమో పైపు విప్పకుండా ఫోను మాట్లాడుతున్నాడు, వీడు వెళ్ళి అతని ముందు నిలబడి "గంగ విడుము!" అని అరిచాడు. ఇక ఆ పద్యానికి వేరే టీకా తాత్పర్యాలు ఎందుకు చెప్పండి. ఒక్క జాగ్రత్త, ఆ సంకలనంలో పెద్దవాళ్ళ సరసాలూ తిట్లూ కూడా ఉంటాయి, ముందు మీరు చదువుకుని పనికొచ్చేవాటికి పెన్సిల్‌తో టిక్కు పెట్టుకోండి.

తర్వాత గురజాడ. దేశభక్తి గేయం ఆగస్టు 15కి స్కూల్లో పాడించేదే, అందుకే పిల్లలకి అది మైకు ముందు నిలబడే టెన్షన్‌తో కలిసి గుర్తుంటుంది. ఓసారి చప్పట్లు కొడుతూ చెప్పి చూడండి: దేశ, మునుప్రే, మించు, మన్నా. మూడు మాత్రలు (పొట్టిగా పలికే అక్షరానికి ఒకటి, పొడుగ్గా పలికేదానికి రెండు), నాలుగు, మళ్ళీ మూడు, నాలుగు. తకిట తకధిమి తకిట తకధిమి. ముత్యాల సరం అనే ఈ ఛందస్సు నడక అంతే. పిల్లల ముందు ఆ మాట ఎత్తకుండానే మా పెద్దది దానికి అడుగులు వేసుకుంటూ బీచ్ రోడ్డు పొడవునా నడిచేది.

పుత్తడి బొమ్మ పూర్ణమ్మ మాత్రం కొంచెం ఆగి, పదేళ్ళు దాటాక చదవండి. డబ్బు తీసుకుని ముసలివాడికిచ్చి చేస్తే చెరువులో పడి చచ్చిపోయే చిన్నపిల్ల కథ అది. ఏడిపించేవి పిల్లలకెందుకు అంటారు కొందరు, నాకు ఆ మాట నచ్చదు, పక్కన కూర్చుని చదివితే తట్టుకుంటారు. మా అమ్మాయి ఏడవలేదు, "వాళ్ళమ్మ ఎందుకు ఊరుకుంది?" అని అడిగింది. ఆ రాత్రి కన్యాశుల్కం అంటే ఏమిటో, ఆడపిల్లలకి అప్పట్లో ఎన్నేళ్ళకి పెళ్ళిళ్ళు చేసేవారో, చాలాసేపు మాట్లాడుకున్నాం.

శ్రీశ్రీ పుట్టింది మన విశాఖలోనే, 1910లో. మహాప్రస్థానం మొత్తం వద్దు, అందులో ఋక్కులు ఒక్కటి చాలు. కుక్కపిల్ల, అగ్గిపుల్ల, సబ్బుబిళ్ళ కూడా కవిత్వమే అంటాడు కదా, మా వాళ్ళు అక్కణ్ణుంచి అందుకుని చీపురుపుల్ల, మందుబిళ్ళ, పక్కింటి పిల్ల అంటూ ఇల్లంతా వెతికారు. (పక్కింటి పిల్ల కూడా వచ్చి చేరింది.)

వైతాళికులు కొనమని ఎవరో ఒకరు ఇక్కడ చెప్పకుండా ఉండరు. 1935లో ముద్దుకృష్ణ కూర్చిన ఆ సంకలనం గొప్పదే, ప్రేమ, ప్రకృతి చుట్టూ తిరిగే భావకవిత్వం రుచి తెలియాలంటే అదే చదవాలి, కానీ ఎనిమిదేళ్ళ పిల్ల విరహాన్ని ఏం చేసుకుంటుంది? బీరువాలో ఉంచండి, ఇంటర్‌కి వచ్చాక తనే తీస్తుంది.

పాపకి ఒక తెల్ల కాగితాల నోటుబుక్కు కొనివ్వండి. విన్నవాటిలో తనకి నచ్చినవి మాత్రమే అందులోకి ఎక్కాలి, ఎంపిక తనదే. మా చిన్నోడి పుస్తకంలో వేమన ఉప్పు కప్పురంబు పక్కనే ఆటో వెనక చదివిన రెండు లైన్లు ఉన్నాయి, నేను నోరెత్తలేదు. తప్పులు దిద్దకండి. తెలుగు రాయడం మా ఇంట్లో ఆ పుస్తకంతోనే కుదురుకుంది, స్కూలు కాపీతో కాదు.

ఒకేసారి అన్నీ కొనక్కర్లేదు, ముందు ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి వెళ్ళి తిరగేసి చూసుకోండి. గురజాడ గేయాలు తెలుగు వికీసోర్స్‌లో ఉచితంగానే ఉన్నాయి. ఇంకొకటి, చుట్టాలు వచ్చినప్పుడు "ఏదీ, ఓ పద్యం చెప్పమ్మా" అని మాత్రం నిలబెట్టకండి. మా పెద్దదాన్ని వాళ్ళ తాతయ్య ముచ్చటపడి అలాగే నిలబెట్టారు, ఆ తర్వాత చాన్నాళ్ళు నేను పుస్తకం తీస్తే చాలు, పక్క గదిలోకి వెళ్ళిపోయేది.