ఒక్కపొద్దుల చాటున దాగిన జబ్బు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మా అమ్మాయికి 20 ఏళ్ళు. తార్నాక దగ్గర హాస్టల్లో ఉండి డిగ్రీ చివరి సంవత్సరం చదువుతోంది. వారంలో మూడు రోజులు ఒక్కపొద్దు అంటుంది. తక్కిన రోజుల్లో రాత్రిపూట ఎవరూ చూడకుండా విపరీతంగా తిని, వెంటనే బాత్‌రూమ్‌లోకి వెళ్ళి వాంతి చేసుకుంటోందని తన గదిలో ఉండే అమ్మాయి నాతో చెప్పింది. బరువు మాత్రం ఏమీ తగ్గలేదు. నాలుగు చీవాట్లు పెట్టి, చదువు మాన్పించి తీసుకొచ్చేద్దామని మావారు అంటున్నారు. ఇది జబ్బా, మొండితనమా?
- ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: మొండితనం కాదమ్మా. పరీక్షించకుండా రోగనిర్ధారణ చేయకూడదు గానీ, మీరు రాసినవన్నీ బులీమియా నెర్వోసా అనే జబ్బు లక్షణాలే. 1979లో బ్రిటిష్ మానసిక వైద్యుడు జెరాల్డ్ రస్సెల్ దీనికి ఆ పేరు పెట్టారు. ఈ జబ్బున్నవారిలో చాలామంది బరువు మామూలుగానే ఉంటుంది కనుక ఇంట్లోవాళ్ళకు అనుమానమే రాదు. అయితే మాటిమాటికీ వాంతి చేసుకునేవారి రక్తంలో పొటాషియం పడిపోయి గుండె లయ తప్పవచ్చు. అందువల్ల చీవాట్ల సంగతి పక్కనపెట్టి, ఈ వారంలోనే ఫిజీషియన్‌కు చూపించి ఎలక్ట్రోలైట్స్ (రక్తంలోని పొటాషియం వంటి లవణాల) పరీక్ష, ఈసీజీ చేయించండి. స్పృహ తప్పినా, గుండెదడ వచ్చినా, వాంతిలో రక్తం కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి.

దీనికి ప్రధానమైన చికిత్స కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే మాటల ద్వారా ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే చికిత్స. సాధారణంగా ఐదు నెలల్లో 20 సిట్టింగులు ఉంటాయి. అందులో తొలి పాఠం తిండి తగ్గించడం కాదు, వేళకు తినడం. కడుపు మాడ్చుకున్నకొద్దీ రాత్రి ఆకలి కట్టలు తెంచుకుంటుంది, తిన్నాక భయమూ సిగ్గూ కలిసి వాంతికి పురికొల్పుతాయి, ఆ తప్పు దిద్దుకోవాలని మర్నాడు మళ్ళీ పస్తు మొదలవుతుంది. కాబట్టి మూడు పూటల భోజనం, మధ్యలో రెండుసార్లు చిరుతిండి, ఎక్కడా నాలుగు గంటలకు మించి ఎడం లేకుండా సాగాలంటే ముందు ఆ ఒక్కపొద్దులు ఆగాలి. (మీ మాట వినకపోతే పూజారి గారి చేత చెప్పించినా తప్పులేదు!) అవసరమైతే సైకియాట్రిస్టు ఫ్లూఆక్సెటిన్ అనే డిప్రెషన్ మందు రాస్తారు. బులీమియాకు వాడే 60 మిల్లీగ్రాముల మోతాదు డిప్రెషన్‌కు మామూలుగా ఇచ్చేదానికంటే ఎక్కువ కనుక, దాన్ని సొంతంగా మందుల షాపులో కొనకండి. వాంతి అయిన వెంటనే పళ్ళు తోమితే ఎనామిల్ (పంటి పైపొర) మరింత అరుగుతుంది. అప్పటికి నీళ్ళతో పుక్కిలిస్తే చాలు.

పరీక్షల్లో ప్రమాదమేమీ లేదని తేలితే చదువు మాన్పించనక్కరలేదు. మెస్‌లో తోడు కూర్చుని తినే ఒక్క స్నేహితురాలున్నా చికిత్సకు ఎంతో బలం. మీరు మాట్లాడేటప్పుడు "దొంగచాటుగా తింటున్నావట" అనకుండా, "ఈ మధ్య నీ మనసు బాగోలేదేమో అనిపిస్తోందమ్మా, డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను" అనండి. పెళ్ళిళ్ళలో "ఒళ్ళు చేశావే!" అనే చుట్టాల నోళ్ళను మీరే ముందుగా కట్టించాలి.

ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో సైకియాట్రిస్టులను సంప్రదించవచ్చు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేసి తెలుగులో సలహా పొందవచ్చు. ఒక్క సంగతి: ఆమె మేజర్ కనుక, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తన చికిత్స వివరాలను గోప్యంగా ఉంచమనే హక్కు ఆమెకుంది. డాక్టరు మిమ్మల్ని కాసేపు బయట కూర్చోమంటే నొచ్చుకోకండి.