సందేహాలు – సమాధానాలు: 'అక్కతో పచ్చబొట్టు' అంటే పొడిచింది ఎవరు?

సందేహం: నేనూ ఇంకొకరూ మణికట్టు మీద ఒకే టాటూ వేయించుకోవాలనుకుంటున్నాం. 'తోడు' అనే మాట రాయిద్దామని నా ఆలోచన. 'మా అక్కతో టాటూ వేయించుకుంటున్నా' అని స్టేటస్ పెడితే, 'మీ అక్క ఈ పని ఎప్పుడు నేర్చుకుంది?' అని ముగ్గురు నలుగురు అడిగారు. నా వాక్యంలో తప్పేముంది? ఇంకో సంగతి. హాస్టల్లో నాతో ఉన్న స్నేహితురాలు తనతోనే వేయించుకోమంటోంది. తోడు అనేది మొగుడూ పెళ్ళాలకే వాడే మాట అని మా అమ్మ అంటోంది. ఈ మాట అక్కకి కుదురుతుందా, స్నేహితురాలికా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

సమాధానం: మీ వాక్యంలో తప్పు లేదు, రెండు అర్థాలున్నాయి. 'అక్కతో సినిమాకి వెళ్ళాను' అంటే ఎవరికీ అనుమానం రాదు. 'దర్జీతో జాకెట్టు కుట్టించుకున్నాను' అంటే కుట్టింది దర్జీ అనీ అందరికీ తెలుసు. 'వేయించుకొను' ప్రేరణార్థక క్రియ. పని ఇంకొకరు చేస్తారు, చేయించుకునేది మనం. అలాంటి క్రియ ముందు 'తో' వస్తే పని చేసిన మనిషి ఎవరా అని వినేవాళ్ళు చూస్తారు. మీ వాక్యంలో వాళ్ళకి అక్క తప్ప ఇంకెవరూ కనిపించలేదు, సూది ఆవిడ చేతికే ఇచ్చేశారు.

'అక్కతో కలిసి' అంటే ఆ చిక్కు పోతుంది కానీ, ఇద్దరూ ఒకే రోజు వెళ్ళి చెరో బొమ్మ వేయించుకున్నారన్న అర్థం కూడా అందులో ఉంటుంది. 'అక్కా నేనూ ఒకే టాటూ వేయించుకుంటున్నాం' అనండి, సరిపోతుంది. 'జంట టాటూలు' అనడం ఈమధ్య వింటున్నాను. జంటకవులూ జంటనగరాలూ ఉన్నాయి కాబట్టి తప్పనలేం. కానీ చేతిమీది బొమ్మకి 'జంట' అంటే చూసేవాళ్ళు పెళ్ళికార్డు కోసం వెతుకుతారు.

టాటూకి 'వేయించుకోవడం' బాగానే అతికింది. పచ్చబొట్టుకి మాత్రం పల్లెల్లో ఇప్పటికీ 'పొడిపించుకోవడం' అనే అంటారు. సోది చెప్పే ఎరుకల స్త్రీలు ఊరూరా తిరిగి పొడిచేవారు. దీపం మసిని ఆకు పసరుతో నూరి, కట్టగా కట్టిన సూదుల్ని అందులో ముంచి, చర్మంలోకి గుచ్చేవారు. పైన పసుపు రాసేవారు. మసి నలుపే అయినా చర్మం పొర కింద ఉండి నీలం కలిసిన పచ్చగా కనిపిస్తుంది, అందుకే పచ్చబొట్టు. పొద్దు పొడవడంలో ఉన్న పొడవడం కూడా ఇదే రూపం. లోపలికి గుచ్చడానికీ పైకి రావడానికీ ఒకే క్రియ చాలింది మనవాళ్ళకి.

ఇక 'తోడు'. మీ అమ్మగారి మాట ఒప్పుకోను. జీవితపు తోడు అనే వాడుక బలంగా ఉన్నమాట నిజమే కానీ, అది ఈ మాటకున్న అర్థాల్లో ఒకటి మాత్రమే. తోడికోడలు ఉంది, తోడల్లుడు ఉన్నాడు, తోడుదొంగా ఉన్నాడు. రాత్రిపూట గోరువెచ్చని పాలలో వేసే చెంచాడు పెరుగూ తోడే. 'దేవుడి తోడు' అన్నప్పుడు అది ఒట్టు. చీకట్లో పెరట్లోకి వెళ్ళాలంటే 'తోడు రావే' అని చెల్లెల్ని బతిమాలుకోని ఇల్లు ఉంటుందా? తోబుట్టువులో ఉన్నదీ ఈ తోడే, తోడ పుట్టినవాళ్ళు కాబట్టి ఆ పేరు. మిమ్మల్ని ఇబ్బంది పెట్టిన 'తో' కూడా దీని చుట్టమే. బాలవ్యాకరణం రాసిన చిన్నయసూరి తృతీయా విభక్తికి చెప్పిన చేతన్, చేన్, తోడన్, తోన్‌లలో చివరి రెండూ చూడండి.

అంటే మాట ఇద్దరికీ కుదురుతుంది. ఎవరిని ఎంచుకోవాలన్నది వ్యాకరణం తేల్చదు గానీ, అడిగారు కనుక నాకు తోచింది చెబుతాను. 'తోడబుట్టిన' అనేది జరిగిపోయిన పని. రేపు మీరూ అక్కా ఆస్తి దగ్గర మాటలు మానేసినా తోడబుట్టడం అబద్ధం కాదు. స్నేహితురాలి విషయంలో 'తోడు' అంటే ఇకముందు ఉంటాననే మాట. పాతికేళ్ళ వయసులో అలాంటి మాట నోటితో ఇవ్వొచ్చు, చర్మం మీద రాయించడానికి నేనైతే తొందరపడను. ఆవిడతో వేయించుకోవద్దని కాదు. ఇద్దరికీ ఇప్పటికే జరిగిపోయింది ఏదైనా రాయించుకోండి: హాస్టల్ గది నంబరో, చేరిన సంవత్సరమో, మీ ఇద్దరికే అర్థమయ్యే ఓ ముద్దుపేరో. తర్వాత ఏమైనా సరే, ఆ గదిలో ఉన్నమాట నిజమే కదా.

జంటకవులనగానే గుర్తొచ్చే తిరుపతి వేంకట కవులు, అంటే తిరుపతిశాస్త్రీ వేంకటశాస్త్రీ, అన్నదమ్ములు కారు, స్నేహితులు. పండితులు మీసం పెంచకూడదనే కట్టుబాటు ఉన్న రోజుల్లో ఇద్దరూ మీసాలు పెంచి, అది సంస్కృతాంధ్రాలు రెండింటిలోనూ మేమే కవులమని చెప్పడానికి గుర్తన్నారు. రాబోయే స్నేహానికి హామీగా కాదు, అప్పటికే చేతికొచ్చిన విద్యకి గుర్తుగా పెంచిన మీసాలవి. 1920లో తిరుపతిశాస్త్రి పోయాక కూడా వేంకటశాస్త్రి ఇద్దరి పేరునే రాస్తూ వచ్చారు.

కాబట్టి 'తోడు' అక్కకి, గది నంబరు స్నేహితురాలికి. రెండు చేతులున్నాయి కదా, తగువెందుకు?

చేతికో అక్షరం చొప్పున 'తో' మీకు, 'డు' అక్కకి పంచుకునే ఆలోచన ఉంటే మానుకోండి. పక్కపక్కన లేనప్పుడు మీది విభక్తి ప్రత్యయం, ఆవిడది రాముడిలోంచి ఊడిపడిన ముక్క. మాట మొత్తం ఇద్దరి చేతుల మీదా ఉండాలి.

తెలుగు చదవడం రానివాళ్ళ దగ్గర వేయించుకుంటే మరీ జాగ్రత్త. కొన్ని డిజైన్ సాఫ్ట్‌వేర్లలో మన వత్తులు విడిపోయి పక్కన పడతాయి. 'తోడు'లో వత్తు లేదు, ఆ గండం తప్పింది. కానీ తకారం నెత్తిన ఉన్న ఓత్వం వంపు కాస్త తగ్గితే 'తొడు' అవుతుంది, ఆపైన కొమ్ము కూడా పోతే 'తొడ'. మణికట్టు మీద తొడ అని రాయించుకుని జీవితాంతం వివరణ ఇచ్చుకోవాలి. చర్మం మీద అచ్చు దించాక, సూది తగలకముందే, మీరూ అక్కా కాకుండా తెలుగు చదివే మూడోమనిషి ఎవరికైనా దాని ఫోటో పంపి పైకి చదవమనండి.