కొండ పెరిగితే ఖండం పెరిగినట్టేనా?

హిమాలయాలు ఇంకా పెరుగుతున్నాయి కదా, ఆ లెక్కన ఖండం కూడా కొత్తగా తయారవుతున్నట్టేనా అని అడిగారు. లేదండీ. చదువుకునే రోజుల్లో నేనూ అలాగే అనుకునేవాణ్ణి. రెండు గ్రానైట్ ముక్కలు నా భ్రమ వదిలించాయి.

మొదటిది లదాఖ్‌లో, లేహ్ దగ్గరి కొండల్లో సుత్తితో కొట్టి తీసుకున్నది. బూడిద రంగు రాయి. లెన్స్ పెట్టి చూస్తే తెల్లటి ఫెల్డ్‌స్పార్ ఖనిజం మధ్య పుల్లల్లాంటి నల్లటి హార్న్‌బ్లెండ్ అనే ఖనిజం. "అందులో నీళ్లున్నాయి, తెలుసా?" అన్నారు మా సార్. వేళాకోళం అనుకున్నాం. నిజంగానే ఆ స్ఫటికంలో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్-హైడ్రోజన్ జంట) రూపంలో నీరు ఇమిడి ఉంటుంది. అప్పట్లో ఇండియాకీ ఆసియాకీ మధ్య ఉన్న టెథిస్ సముద్రపు అడుగు పలక (ప్లేటు) ఆసియా కిందికి దిగిపోతూ, లోతుకెళ్లాక తనలోని నీటిని వదిలేసింది. నీరు చేరితే మాంటిల్ (భూమి పైపొర అయిన భూపటలం కింద ఉండే మందపాటి పొర) రాయి తక్కువ వేడికే కరుగుతుంది. ఆ మాగ్మా, అంటే కరిగిన రాయి, బరువైన ఖనిజాలను కిందే వదిలేస్తూ పైకొచ్చి, సిలికా ఎక్కువున్న తేలికైన రాయిగా గడ్డకట్టింది. ఖండానికి అసలైన కొత్త జమ ఇదే. పైగా ఇది చాలావరకు ఇండియా వచ్చి గుద్దుకోకముందే అయిపోయింది! ఇవాళ ఆండీస్ కింద, జపాన్ కింద జరుగుతున్నదీ ఇదే.

రెండోది గంగోత్రి దగ్గర భాగీరథి ఒడ్డున దొరికింది. తెల్లటి రాయిలో నల్లటి టూర్మలీన్ అనే ఖనిజపు కడ్డీలు. వయసు 2 కోట్ల ఏళ్ల పైచిలుకే గానీ, సరుకు మాత్రం పాతది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట రెండు ఖండాలు ఢీకొన్నాక, ఇండియా అంచున ఉన్న పాత అవక్షేప శిలలు లోపలికి కూరుకుపోయి, వేడెక్కి, కరిగి మళ్లీ గడ్డకట్టాయి. స్ట్రాన్షియం అనే మూలకపు ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న దాని రకాలు) ఈ గుట్టు విప్పేస్తాయి. లదాఖ్ రాయిలో స్ట్రాన్షియం-87కీ స్ట్రాన్షియం-86కీ ఉన్న నిష్పత్తి 0.704 దరిదాపుల్లో ఉంటే, ఈ తెల్ల గ్రానైట్‌లో 0.74 దాటుతుంది. అంత ఎక్కువ విలువ మాంటిల్ నుంచి నేరుగా వచ్చిన రాయికి ఉండదు.

కాబట్టి ఢీకొన్నప్పుడు జరిగేది ప్రధానంగా ఉన్నదాన్నే ఒకదానిమీద ఒకటి పేర్చడం. మామూలుగా 35-40 కిలోమీటర్లుండే భూపటలం టిబెట్ కింద 70 దాకా మందమెక్కింది. మాంటిల్ కంటే తేలిక కాబట్టి, మందం పెరిగినకొద్దీ పైకి తేలుతుంది. అదే మనకు ఎత్తుగా కనిపిస్తోంది.

ఖర్చు పద్దు కూడా ఉందండోయ్. కొండలు అరిగి గంగా, బ్రహ్మపుత్రల్లో ఒండ్రుగా బంగాళాఖాతం అడుగుకు చేరుతున్నాయి. అందులో కొంత సుమత్రా దగ్గరి అగాధంలోంచి మళ్లీ మాంటిల్ దారి పడుతోంది.