సామెత వాడేముందు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. సాయం గురించి పదకొండు సామెతలు గుచ్చావు. సగం నువ్వనుకున్న మాట చెప్పడం లేదు, రెండైతే దానికి ఎదురు చెబుతున్నాయి. తప్పు నీ ఒక్కడిదే కాదులే. చిన్నప్పట్నుంచీ చెవిన పడ్డ మాటను ఎవరూ విప్పి చూడరు.

‘తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం’ అన్నదాన్ని స్వార్థానికి సాకుగా వాడావు. ముందు పదాలు విడదియ్యి. మాలడమంటే లేకపోవడం, ‘దిక్కుమాలిన’లో ఉన్నది అదే. మొదలంటే ఇక్కడ ఆరంభం కాదు, అసలు; బేరంలో పెట్టిన సొమ్ము. లాభంలోంచి ఎంతైనా ఇవ్వు, అసలే పోతే రేపు ఇవ్వడానికీ ఉండదని షావుకారు భాషలో చెప్పిన మాట. మన వరిచేలకు తెచ్చి చూడు. ఎకరా నాట్లకి 20–25 కేజీల విత్తనం కావాలి. తిండిగింజల్లోంచి బస్తా ఇస్తే ధర్మం, విత్తనంలోంచి ఇస్తే మొదలు చెడ్డ బేరం. అదే నారు మిగిలిందనుకో, పక్క చేనువాడికి ఇచ్చెయ్యడంలో నష్టమే లేదు. ఉంచుకున్నా ముదిరిపోతుంది, ముదురు నారు సరిగా పిలకెత్తదు. నీ వ్యాసంలో సాయం చేసేవాడు ఇస్తున్నది తిండిగింజా, విత్తనమా, మిగులు నారా? అది తేలకుండా సామెత ఎత్తుకోకు.

కొబ్బరిచెట్టు ఉపమానం ఇంకా చిక్కుది. చిన్నప్పుడు పోసిన కాసిని నీళ్ళు గుర్తుంచుకుని, నెత్తిన బరువు మోస్తూ, బతికున్నంతకాలం అమృతంలాంటి నీళ్ళిస్తుందని సంస్కృత సుభాషితం. వినడానికి బాగుంది. కానీ కోనసీమలో చదివేవాడు దాన్ని తోటలో నిలబెట్టి చూస్తాడు. పొడుగు రకం మొక్క కాపుకి రావడానికి ఆరేడేళ్ళు, పూలపొత్తి విచ్చాక కాయ ముదరడానికి దాదాపు ఏడాది. మధ్యలో ఎండలకి నీళ్ళు తప్పితే పిందె రాలుతుంది. ఆ దెబ్బ వచ్చే ఏటి కాపులోనూ కనిపిస్తుంది. అంటే గెల నిలబడేది ఎప్పుడో పోసిన చెంబుతో కాదు, ఏటా పారించే నీళ్ళతో. ఉపమానం అక్కడ విరిగింది. విరిగిందని పారెయ్యకు. చదువుకి ఓ ఏడాది ఫీజు కట్టిన మేనమామ ‘నా వల్లే వాడింతవాడయ్యాడు’ అని ఇరవై ఏళ్ళుగా చెప్పుకుంటాడు. ఆ ఇరవై ఏళ్ళూ నీళ్ళు పోసినవాళ్ళు వేరే ఉంటారు, మాట్లాడరు. నీకు కథ కావాలంటే వాళ్ళింటికి వెళ్ళు.

‘ఏరు దాటి తెప్ప తగలేసినట్టు’ అన్నప్పుడు నష్టం ఎవరికో చూశావా? దాటినవాడికి కాదు, వెనక రేవులో నిలబడ్డవాడికి. బుద్ధుడూ తెప్ప మాటే చెప్పాడు: దాటాక దాన్ని నెత్తిన మోసుకుపోవద్దని. తన ధర్మమూ అలాంటిదే అన్నాడు. ఒడ్డున వదలడం వేరు, తగలెయ్యడం వేరు. నువ్వు రెంటినీ కలిపేసి, మేలు పొందినవాడు జన్మంతా తెప్ప మోస్తేనే కృతజ్ఞుడన్నట్టు రాశావు. అన్నట్టు, నర్సాపురం–సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కినవాడికి ఈ సామెత తగిలించకు. టికెట్టు కొని దాటినవాడికి ఏ రుణం?

‘అత్త సొత్తు అల్లుడు దానం’ సరిగానే పడింది, ఉండనీ.

‘అపకారికి నుపకారము నెపమెన్నక చేయువాడె నేర్పరి’ అన్న సుమతి పద్యానికి ‘మంచివాడు’ అని అర్థం రాశావు. పద్యంలో ఉన్నది నేర్పరి. అంటే అది గుణం కాదు, పనితనం. తప్పు ఎత్తిచూపకుండా, అవతలివాడి తల వంగకుండా ఆ సాయం ఎలా చేశాడు? డబ్బు చేతికిచ్చాడా, కొట్లో బాకీ తీర్చి ఊరుకున్నాడా? అది రాస్తే పద్యం ఎత్తిరాయనక్కర్లేదు.

ఇంకొకటి. సామెత ఎవరి నోట వస్తోందో చూసుకో. ‘తనకు మాలిన ధర్మం’ అని భార్య మొగుణ్ణి ఆపితే భయం, గాదె నిండుగా ఉన్నవాడు అంటే తప్పించుకోవడం. నీ వ్యాసంలో అన్నీ నువ్వే అంటున్నావు.

పదకొండులో మూడు ఉంచి తిరగరాయి. సంక్రాంతి లోగా పంపు, ఈసారి అక్షరాలు కాస్త పెద్దవిగా.