కారు రూఫ్ లైనింగ్ జారుతోందా? ముందు ఫోమ్ చూడండి

ప్రశ్న: మాది పదేళ్ల హ్యాచ్‌బ్యాక్. లోపలి రూఫ్ బట్ట జారి వెనక కూర్చున్నవాళ్ల తలకు తగులుతోంది. షాపులో సిరంజితో గమ్ ఎక్కించి అతికించారు. నెల తిరక్కుండానే మళ్లీ ఊడింది. గమ్ మంచిది కాదా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు, చెన్నై

జవాబు: తప్పు గమ్‌ది కాదండీ. బట్ట వెనక పలుచటి పాలీయురెథేన్ ఫోమ్ ఉంటుంది, దాన్ని అచ్చుపోసిన బోర్డుకు అతికిస్తారు. చెన్నై ఎండకూ ఉక్కకూ ఆ ఫోమ్ ఏళ్ల తరబడి చివికి పొడైపోతుంది. జారినచోట వేలితో నొక్కి రుద్దండి. పసుపు రంగు పొడి రాలితే ఫోమ్ పోయినట్టే. ఆపైన ఎంత ఖరీదైన గమ్ కొట్టినా అది పొడికే అంటుకుంటుంది, బోర్డుకు కాదు. పొడి లేకుండా అంచు ఒక్కటే లేస్తే అంతవరకు అతికిస్తే చాలు.

మీ కారుకు మాత్రం బోర్డు దించాల్సిందే. సన్ వైజర్లు, చేతి పిడులు, రూఫ్ లైటు, డోర్ బీడింగ్, పిల్లర్ కవర్లు (కిటికీల మధ్య స్తంభాల తొడుగులు) తీసి వెనక డిక్కీ డోర్లోంచి బయటికి లాగాలి. ఇద్దరు పట్టుకోండి, వంగితే బోర్డు విరుగుతుంది. రూఫ్ అంచుల్లో దాగి ఉండే కర్టెన్ ఎయిర్‌బ్యాగులుంటే ముందు బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగండి. ఆ పని తెలిసినవాళ్లతోనే చేయించడం మంచిది.

అసలు కష్టం ఇక్కడే: పాత ఫోమ్‌ను నైలాన్ బ్రష్‌తో పూర్తిగా గీకి, వ్యాక్యూమ్ పెట్టాలి. ముక్కుకు మాస్క్ తప్పనిసరి. అరచేత్తో తుడిస్తే పొడి అంటకూడదు. కొత్త బట్ట 3 మి.మీ. ఫోమ్ అతికించి ఉన్నదే కొనండి, బోర్డు కొలతకు అన్ని వైపులా 10 సెం.మీ. ఎక్కువగా. చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డు షాపుల్లో అడగండి. గమ్ ఎక్కువ వేడిని తట్టుకునే రకమే కావాలి, మామూలుది ఎండకు మెత్తబడుతుంది. బోర్డుకూ ఫోమ్‌కూ రెండింటికీ స్ప్రే చేసి, వేలికి అంటీ అంటనట్టు అయ్యాక, మధ్య నుంచి అంచులకు అరచేత్తో ఒత్తుకుంటూ రండి. గుంటలున్నచోట బట్టను సాగదీయకండి, ముందుగా అక్కడే లేస్తుంది. ఒక రోజు ఆరనిచ్చి బిగించండి.

ప్రశ్న: సన్‌రూఫ్ కారు. వాన పడ్డాక రూఫ్ బట్టపై గోధుమరంగు మరక, పక్కనే జారుడు. బట్ట మార్చాలా?
– ఒక పాఠకురాలు, పెరంబూరు

జవాబు: ముందు నీటి దారి చూడండమ్మా. సన్‌రూఫ్ తెరిచి, మూల గాడిలో అర గ్లాసు నీళ్లు మెల్లగా పోయండి. కారు కింద కారకపోతే డ్రెయిన్ ట్యూబ్ మూసుకుపోయినట్టు. మెత్తటి నైలాన్ తీగతో తీయించండి. కంప్రెసర్ గాలి గట్టిగా కొడితే లోపల ట్యూబ్ జాయింట్ ఊడి, నీళ్లు మళ్లీ బట్టమీదికే వస్తాయి. లీకు ఆగి, బోర్డు పూర్తిగా ఆరాకే బట్ట సంగతి.