ఏడేళ్ల బాబును బెంగళూరులో కబ్స్‌లో ఎలా చేర్చాలి? బడిలో స్కౌట్స్ లేదు.

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో మీ బాబు వయసు మగపిల్లలది కబ్ విభాగం, ఆడపిల్లలది బుల్‌బుల్. పదేళ్లు దాటితే స్కౌట్, గైడ్ అవుతారు. బడిలో దళం లేకపోయినా దారి ఉంది: ఏ బడికీ చెందని ఓపెన్ గ్రూపులు. మీకు దగ్గర్లో ఏది నడుస్తోందో ప్యాలెస్ రోడ్డులోని రాష్ట్ర కార్యాలయంలో అడగండి. డబ్బు కట్టేముందు ఒక వారం కూర్చుని చూడండి. కబ్ మాస్టర్ శిక్షణ పొందారా, ఆరుగురి చొప్పున జట్లు చేసి ఆడిస్తున్నారా అన్నవే ముఖ్యం. వరసలో నిలబెట్టి కవాతు మాత్రమే చేయిస్తుంటే ఇంకోచోట వెతకండి.

యూనిఫాం అప్పుడే కొనకండి. మొదటి మెట్టు ‘ప్రవేశ్’. అది పూర్తయి ప్రతిజ్ఞ చేశాకే స్కార్ఫ్ ఇస్తారు, ఈలోగా పిల్లలు పొడవైపోతారు కూడా!

కబ్స్‌లో ముడులు వేయడం నేర్పుతారు; ఇంట్లో సాధన చేయడానికి బాబుకు రెండు మీటర్ల నూలు తాడు ఇవ్వండి. నైలాన్ జారుతుంది, పిల్లలు విసుగెత్తి వదిలేస్తారు. రెండు కొసల్ని కలిపి కట్టే రీఫ్ ముడికి మొదట కుడి కొస ఎడమదాని మీదుగా, తర్వాత ఎడమ కొస కుడిదాని మీదుగా వెళ్లాలి. దాదాపు అందరూ తప్పేది రెండోసారే: మళ్లీ కుడినే పైకి తెస్తారు. అప్పుడు కొసలు తాడు వెంట పడుకోకుండా అడ్డంగా నిక్కుతాయి, లాగితే ముడి జారిపోతుంది. సరిగ్గా పడితే ఒకదాన్నొకటి పట్టుకున్న రెండు ఉచ్చుల్లా కనిపిస్తుంది. మీరు కట్టి చూపకండి, వాడినే విప్పి మళ్లీ కట్టనివ్వండి.